పాడెవాకిలి

చంద్రకూట రాజ్యానికి రాజధాని మరకతదుర్గం. పేరుకు తగ్గట్టే పచ్చటి ఊరు. మేడల గోడలకు పచ్చరాయి పలకలు, వీధి అరుగులకు పచ్చరాయి అంచులు, చివరికి గుర్రాలు నీళ్లు తాగే తొట్లు కూడా పచ్చరాయివే. పొద్దున ఎండ కోటగోడ దాటి లోపలికి దిగిందంటే ఊరంతా లేత అరటాకు రంగులో మెరిసిపోయేది. ఊరు పెద్ద గిన్నెలా పల్లంలో ఉంటుంది. గిన్నె అడుగున పద్మసరస్సు, సరస్సు ఒడ్డున రాజప్రాసాదం, దాని పక్కనే సింహద్వారం. అక్కణ్ణించి వీధులు మెట్లుమెట్లుగా పైకి పాకి, గృధ్రశిఖరమనే కొండ పాదం దగ్గర ఆగుతాయి. అక్కడుంది రెండో ద్వారం. దాని పేరు ఎవరూ గట్టిగా అనరు. అనవలసి వస్తే గొంతు తగ్గించి పాడెవాకిలి అంటారు.

రాజు శవం బయటికి వెళ్లేటప్పుడు తప్ప ఆ వాకిలి తెరుచుకోదు. దాని ఇనుపతలుపును పైకెత్తే చక్రం పక్క బురుజులో ఉంది. ఆ బురుజుకు ఊరివైపు గుమ్మం లేదు. కావలి వంశంవాళ్లు కొండవైపు నుంచి ఎక్కి లోపల కూర్చుంటారు. ఏడుపులూ బతిమాలుళ్లూ లంచం మాటలూ వినపడకుండా చెవుల్లో మైనం పెట్టుకుంటారు. గోడలో ఒక చిన్న కంత ఉంది, అందులోంచి కిందికి చూస్తూ ఉంటారు, అంతే. పాడె కనిపించాలి, దాని మీద కదలని మనిషి కనిపించాలి, ఆ మనిషి వేలికి రాజముద్రిక కనిపించాలి. అప్పుడు చక్రం తిరుగుతుంది. వెంట వెళ్లినవాళ్లందరూ తిరిగొచ్చాకే తలుపు మళ్లీ దిగుతుంది. పాడె మీద ఆ వాకిలి దాటినవాడు మాత్రం ఊరికి చచ్చినవాడే. పూర్వం ఒక రాజు దాటిన తరువాత పాడె మీద లేచి కూర్చున్నాడనీ, పాపం, ఆయన్ను మళ్లీ లోపలికి రానివ్వలేదనీ ముసలమ్మలు చెబుతుంటారు.

ఈ రాజ్యానికి యువరాజు మణిమంతుడు. కత్తి పడితే ఎదురులేదు, గుర్రమెక్కితే గాలి వెనకబడాల్సిందే. మనసూ మంచిదే. కానీ ఇంకొకణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఆయనకు ఆ రోజు అన్నం సహించదు.

అలాంటివాడి ఊళ్లోకి పింగళుడు వచ్చిపడ్డాడు. దూరదేశపు బిడారు నాయకుడి కొడుకు. చెవులకు ఎర్రరాళ్ల పోగులు, భుజాన పట్టు ఉత్తరీయం, మాటకు ముందు నవ్వు. తనను నలుగురూ చూస్తున్నారంటే మీసం మీద చెయ్యి పడకుండా ఉండదు. ఒకనాడు అంగడివీధిలో నేతికొట్టు అంటుకుంటే, జనం తలో దిక్కుకూ పరుగులు తీస్తుంటే, వీడు ఒక తొట్టి మీదికెక్కి నిలబడి, నువ్వు నీళ్లందుకో, నువ్వు పక్కకొట్టు పందిరి పీకు, నువ్వు పిల్లల్ని దాటించు అంటూ ఆజ్ఞలిచ్చి, వీధి మొత్తాన్ని దక్కించాడు. మహారాజు ధరణిధరుడు పొంగిపోయి వాణ్ణి ఆపద్రక్షణాధికారిని చేశాడు. అప్పటిదాకా ఆ రాజ్యంలో అలాంటి పదవే లేదు. మణిమంతుడికి అది మరీ మండింది. తనకు లేని పదవి ఒకటి వీడికోసం కొత్తగా పుట్టుకొచ్చింది.

పింగళుడు ఊరికి ఆపద నేర్పడం మొదలుపెట్టాడు. నిప్పుకు ఒక నగారా దెబ్బ, వరదకు ఒకటి, శత్రువుకు ఒకటి, విషపు పొగకు ఇంకొకటి. వీధికొక పెద్ద. నడవలేని ముసలివాళ్లను మోయడానికి వెదురు డోలీలు, ఏ డోలీ ఎవరు మోయాలో ముందే ఒప్పందం. గుమ్మం గుమ్మానికీ నీళ్లకడవ, కడవ మీద మడతపెట్టిన గుడ్డ, పొగ వస్తే తడిపి ముక్కుకు కట్టుకోవడానికి. పౌర్ణమి పౌర్ణమికీ ఊరంతా కలిసి అభ్యాసం. మొదట్లో నవ్వినవాళ్లే తరువాత పోటీలు పడ్డారు. పిల్లలు మూకుళ్ల మీద నగారా దెబ్బలు వాయించి, ఇది వరద, ఇది పొగ అని పందేలు వేసుకునేవారు.

ఒక పౌర్ణమికి మణిమంతుడు అదే వేళకు ఏనుగుల ఊరేగింపు పెట్టించాడు. చూడ్డానికి ఒక్క పిట్ట కూడా రాలేదు. అలంకరించిన ఏనుగులు ఖాళీ వీధుల్లో తిరిగి, చెరకుతోటలో పడి మేసి, శాలకు వెళ్లిపోయాయి. ఆ రోజు మావటివాళ్ల మొహాన నవ్వు కనబడితే చాలు, యువరాజుకు తన మీదే నవ్వుతున్నారనిపించింది.

ఇంట్లో భోజనానికి కూర్చుంటే మహారాజు పింగళుడు ఇలా అన్నాడు, పింగళుడు అలా అన్నాడు అనేవాడు. అది చాలక తరళ. మంత్రిగారి కూతురు తరళకూ యువరాజుకూ పెళ్లి దాదాపు నిశ్చయమైనట్టే. ఆ పిల్ల తన వీధికి పెద్దగా కుదిరింది. గుడ్డిదైన నాయనమ్మను డోలీలో ఎలా కూర్చోబెట్టాలో, గుడ్డ ఎలా కట్టాలో గుక్కతిప్పుకోకుండా చెప్పేది. ఒకసారి తోటలో మణిమంతుడు తన కొత్త గుర్రం గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, పొగదెబ్బకూ వరదదెబ్బకూ తేడా తెలుసా మీకు అని అడిగింది. తెలుసన్నాడు. తెలియదు.

ఆ మంట ఎవరికైనా చెప్పుకోవాలి కదా. యువరాజు ఉద్యానవనంలో శాంతచిత్తుడనే ముసలి సన్యాసి కొంతకాలంగా మకాం పెట్టాడు. ఎండాకాలంలో కూడా మెడకు కంబళి చుట్టుకుని ఉండేవాడు, గొంతులో గురగుర. ఆయన యువరాజు చెప్పిందంతా ఓపిగ్గా విని, నిజమే నాయనా, నీకు అన్యాయం జరిగిపోతోంది అనేవాడు. అసూయపడేవాడికి ఆ ఒక్కమాట చాలు, అన్నవాడు దేవుడైపోతాడు.

పింగళుడు సభలో పాడెవాకిలి మాట ఎత్తిన రోజున ఆ సన్యాసి నేర్పిన మాటే మణిమంతుడు వాడాడు. సింహద్వారం వైపు నుంచి ఆపద వస్తే జనానికి వేరే దారి లేదనీ, అభ్యాసంలో పాడెవాకిలిని నిజంగా తెరిచి జనాన్ని కొండ మీదికి నడిపించాలనీ పింగళుడు కోరాడు.

"ప్రభూ, భయం పుట్టినప్పుడు మనిషి బుర్ర పనిచెయ్యదు, కాళ్లే పనిచేస్తాయి. వాటికి మనం ఏది నేర్పితే అదే చేస్తాయి" అన్నాడు.

మణిమంతుడు నిదానంగా లేచాడు. "నాన్నగారు సింహాసనం మీద కూర్చుని ఉండగా ఆ వాకిలి తెరవమంటున్నాడు ఈయన. ఎవరి పాడె కోసమో సభవారే అడగండి."

పెద్దలు చెవులు మూసుకున్నారు. మహారాజుకు పింగళుడి మీద అనుమానం లేదు గానీ, ప్రాణమంటే తీపి ఎవరికి ఉండదు? చివరికి ఒక మధ్యేమార్గం చెప్పాడు. అభ్యాసం రోజున జనం పాడెవాకిలి దాకా పరిగెత్తాలి, తలుపును చేత్తో తాకి, కళ్లకద్దుకుని, ఇళ్లకు తిరిగిపోవాలి. నిజంగా ఆపద వస్తే ఒక రౌతు సింహద్వారం గుండా వెళ్లి, కొండ చుట్టి, కావలివాళ్లకు రాజాజ్ఞ రాసిన పత్రం చూపిస్తాడు. ఆపద సింహద్వారం వైపునుంచే వస్తే రౌతు ఎటు పోతాడని పింగళుడు అడగబోయాడు. మహారాజు అప్పటికే లేచిపోయాడు.

యువరాజుకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అంతటితో ఆగినా బాగుండేది. మెప్పులో తనకూ వాటా కావాలనిపించి, తలుపు తాకి అందరికంటే ముందు ఇంటికి చేరిన వీధికి బెల్లం పానకం కడవలు బహుమానమని చాటింపు వేయించాడు. ఇక చూడాలి జనాన్ని. పైకి ఎక్కడం ఎలాగున్నా, తలుపు తాకి వెనక్కి తిరగడంలో మరకతదుర్గం ప్రజలను మించినవాళ్లు లేకుండా పోయారు. చెయ్యి ఇనుముకు తగిలీ తగలకముందే కాళ్లు ఇంటిదారి పట్టేవి. యువరాజు పానకమని జనం చెప్పుకుంటుంటే మణిమంతుడు ఆ మాటలు కిటికీ దగ్గర నిలబడి వినేవాడు.

ఆపద మిట్టమధ్యాహ్నం వచ్చింది.

మణిమంతుడు పాడెవాకిలి పక్కన కోటగోడ మీద ఉన్నాడు. సన్యాసే పిలుచుకొచ్చాడు, ఊరి అందం చూద్దాం రమ్మని. సింహద్వారం వైపు నీలంగా ఏదో కదిలింది. మంచు అనుకున్నాడు. అది గోడ ఎక్కి, నీళ్లలాగా బరువుగా లోపలికి జారి, పద్మసరస్సును కప్పేసింది. సరస్సులో హంసలు మెడలు వాల్చి నిద్రపోయాయి. ద్వారం దగ్గర భటులు ఈటెల మీద వాలి, అలాగే కిందికి జారిపోయారు. కబురు మోయవలసిన రౌతు గుర్రంతో సహా గుమ్మంలోనే ఒరిగిపోయాడు. పొగ ప్రాసాదం మెట్లు ఎక్కుతుండగా నగారా మోగింది. పొగదెబ్బ. ఈసారి మణిమంతుడు గుర్తుపట్టాడు.

ఊరు కదిలింది. తొక్కిసలాట లేదు, ఏడుపులు లేవు. ముక్కులకు తడిగుడ్డలు, భుజాలకు డోలీలు, ముందు పిల్లలు, వెనక పెద్దలు, ఒక్కో వీధీ తన వంతు రాగానే బారులు తీరి పైకి ఎక్కుతోంది. పింగళుడు నగారా బండి మీద నిలబడి చేతులతోనే ఊరంతటినీ నడిపిస్తున్నాడు. చూస్తున్న మణిమంతుడికి కిందనున్న ప్రాణాల కంటే ముందు అదే కళ్లబడింది. ఎంత బాగా చేయిస్తున్నాడు వీడు అనుకుని పళ్లు కొరుక్కున్నాడు.

పక్కన సన్యాసి గురగురమని నవ్వాడు. మెడ చుట్టూ కంబళి విప్పాడు. కంఠం మధ్యలో పొయ్యిగొట్టంలాంటి నల్లటి రంధ్రం, అందులోంచి నీలిపొగ సన్నగా తీగ సాగుతోంది. గృధ్రశిఖరం మాంత్రికుడు ధూమకంఠుడి పేరూ, పగిలితే తప్ప నిద్ర వదలని వాడి పొగకుండ కథా వినని పసిపిల్ల కూడా ఆ రాజ్యంలో లేదు.

"నా పొగకుండ ఎప్పటినుంచో కాగుతూనే ఉంది యువరాజా. వాకిలి తెరుచుకునే ఊరైతే నాకేం లాభం? అందుకే ఆగాను. మూసిపెట్టినవాడివి నువ్వు" అన్నాడు. ఈ నిద్రకు అమావాస్య గడువనీ, ఆ లోపు మేలుకోనివాళ్లంతా రాళ్లయి తన కోటకు మెట్లుగా పనికొస్తారనీ చెప్పి, చేతులు చాచాడు. చేతులు రెక్కలయ్యాయి. మణిమంతుడు కత్తి దూసి కొట్టేసరికి బూడిదరంగు రాబందు ఒకటి గోడ మీంచి లేచిపోయింది, కత్తికి నాలుగు ఈకలు మాత్రం చిక్కాయి.

యువరాజు కిందికి చూశాడు. మొదటి వీధివాళ్లు తలుపు దగ్గరికి చేరారు. చేత్తో తాకారు. కళ్లకద్దుకున్నారు. చక్కగా వెనక్కి తిరిగి ఇళ్లకు బయలుదేరారు.

వాళ్ల వెనక రెండో వీధి, దాని వెనక మూడోది. ఎదురుగా పొగ ఒక్కో మెట్టే ఎక్కివస్తున్నా వాళ్ల కాళ్లు అటే పోతున్నాయి. భయంతో మొహాలు పాలిపోయి ఉన్నాయి, అడుగులు మాత్రం తడబడటం లేదు. పింగళుడు బండి మీంచి దూకి, అడ్డంపడి, ఆగండి ఆగండి అని గొంతు చించుకుంటున్నాడు. ఆగినవాళ్లను వెనకవాళ్లు నెట్టుకుంటూ తలుపు తాకడానికి తోసుకొస్తున్నారు. ఆ గుంపులో తరళ కూడా, నాయనమ్మ డోలీ ముందుకొమ్ము భుజాన వేసుకుని తలుపు తాకింది, తిరిగింది.

మణిమంతుడు మెట్లు దిగలేదు, గోడ మీంచి పందిరి మీదికి, పందిరి మీంచి ఎవరిదో గుర్రం మీదికి దూకాడు. గుర్రాన్ని వీధికి అడ్డంగా నిలిపి కత్తి పైకెత్తాడు. యువరాజు కత్తిని చూసి జనం ఆగారు.

"ఈ వాకిలి తెరవనివ్వనిది నేనే" అన్నాడు. "పింగళుడు తెరవమన్నాడు. వాడికి పేరొస్తుందని నేను ఓర్వలేకపోయాను. పానకం పెట్టి మిమ్మల్ని వెనక్కి నడవడం నేర్పిందీ నేనే. ఇంటికి వెళ్లకండి. ఇంటివైపు చావుంది."

తరళ ఆయన వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు కంటే ఎవరైనా రాయి విసిరినా బాగుండేదనిపించింది ఆయనకు.

జనం ఆగారు గానీ తలుపు తెరుచుకోలేదు. బలవంతులు భుజాలు ఆనించి నెట్టారు. నగారాను తలుపు ముందు పెట్టి వాయించారు. పైన కంతలో కావలివాడి కన్ను ఒకటి నిర్వికారంగా కిందికి చూస్తూనే ఉంది. గోడల మీదికి మెట్లు సన్నవి, భటులకు సరిపోయేంతే, ఊరు ఊరంతా ఎక్కేవి కావు, ఎక్కినా అవతల దిగే దారి లేదు. పొగ నేతికొట్ల వీధి దాటింది. మహారాజుకూ, కింది వీధులవాళ్లకూ ఏమైందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

అప్పుడు పింగళుడు యువరాజు గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. "యువరాజా, మీ వేలి రాజముద్రిక నాకివ్వండి. డోలీ ఒకటి విప్పి పాడె కడతారు. నేను పడుకుంటాను. కావలివాడికి కావలసింది వేలిమీద ముద్రికే కదా. వాకిలి దాటితే ఈ ఊరికి చచ్చినట్టేనంటారు. నేను పరదేశిని, నాకు పోయేదేముంది?"

చుట్టూ జనం కళ్లు చెమ్మగిల్లాయి. తరళ పింగళుడి వంక చూసింది. మణిమంతుడు ఆ చూపు చూశాడు, ఒళ్లు భగ్గుమంది. బతికున్నప్పుడు వీడే ముందు, చావులోనూ వీడే ముందా? రేపు ఊరి నడుమ వీడికి విగ్రహం కడతారు, దాని మెడలో తరళ దండ వేస్తుంది, తను రాజై దాని ముందునుంచి రోజూ గుర్రం మీద వెళ్లాలి. నిజం చెప్పాలంటే త్యాగం అన్న మాట ఆ క్షణాన యువరాజు దరిదాపుల్లో లేదు.

"నా ముద్రిక నీ వేలికెక్కదు" అని గుర్రం దిగి, కత్తి పారేసి, "పాడె కట్టండి" అన్నాడు.

పింగళుడికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏదో అనబోయాడు. తరళ ముందుకొచ్చి, మీరు దాటితే మళ్లీ రాలేరు, సింహాసనం మీది కాదు, ఏదీ మీది కాదు అంది. తెలుసన్నాడు. ఈసారి నిజంగానే తెలుసు.

పైన కంతకు కనబడని పందిరి చాటున డోలీ వెదుళ్లతో పాడె కట్టారు. పేలాలమ్మే ఆమె తన గంప తెచ్చింది. ఎవరో శంఖం ఊదారు. మణిమంతుడు వెల్లకిలా పడుకుని, ముద్రిక ఉన్న చేతిని పాడె పక్కకు వేలాడేసి, కళ్లు మూసుకున్నాడు. పాడె లేచింది. ముందుకొమ్ము ఎవరిదో ఆ చెవిపోగుల గలగలను బట్టి తెలిసింది. చావుకు కూడా వీడి భుజమే దొరికింది అనుకున్నాడు.

ఏడుపులు మొదలయ్యాయి. కావలివాడికి వినపడవు, అయినా జనం ఏడ్చారు. అలవాటుగా మొదలైన ఏడుపు కాసేపటికి నిజమైపోయింది. వాటిలో తరళ గొంతు ఎక్కడుందా అని మణిమంతుడు వెతుక్కుంటున్నాడు. ఇంతలో పెద్ద రెక్కల చప్పుడు, ఛాతీ మీద బరువు. గోళ్లు బట్టలోంచి చర్మంలోకి దిగాయి. శవం మీద రాబందు వాలడం వింత కాదు. మోస్తున్నవాళ్లు అదిలిస్తే పాడె కదిలిపోతుంది. పైన కంతలోంచి కన్ను చూస్తోంది.

చెవి దగ్గర గురగుర వినిపించింది. పాత సన్యాసి గొంతే, అంతే ప్రేమగా. "ఎంత పని చేశావు నాయనా. ఒక్కసారి కళ్లు తెరువు. తరళ పింగళుడి భుజం మీద తలపెట్టి ఏడుస్తోంది. వాడు నీ పాడె మోస్తూనే ఆమెను ఓదారుస్తున్నాడు. నమ్మకపోతే చూసుకో, రెప్ప ఎత్తితే చాలు."

మణిమంతుడు బతుకులో ఎన్నో కష్టమైన పనులు చేశాడు. మదపుటేనుగు దంతాల మధ్య నిలబడ్డాడు, వరదలో నది ఈదాడు. రెప్ప ఎత్తకుండా ఉండటమంత కష్టమైనది ఏదీ లేదు. రాబందు ముక్కు చెంప మీద గీత గీసింది, రక్తం వెచ్చగా చెవిలోకి జారింది. అది పట్టలేదు ఆయనకు. తరళ ఏడుపు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది, పాదాల వైపునుంచి కాదు, తల వైపునుంచి, పింగళుడి భుజం ఉన్న వైపునుంచి. చూడు, చూడు అంటోంది ఒళ్లంతా. చూస్తే రెప్ప కదులుతుంది. రెప్ప కదిలితే చక్రం తిరగదు. ఆయన చూడలేదు.

ఎక్కడో పైన ఇనుము కిర్రుమంది. దుమ్ము రాలి మొహం మీద పడింది. తలుపు లేచింది. కొండగాలి చల్లగా తగిలింది. రాబందు కసిగా ఒక్క అరుపు అరిచి ఎగిరిపోయింది.

పాడెను కొండవాలు మీద దింపారు. జనం పక్కనుంచి ప్రవాహంలా పైకి వెళ్లిపోతున్న చప్పుడు ఎంతోసేపు వినిపించింది. ఎవరూ పలకరించలేదు. వాకిలి దాటిన శవం వంక వెనుతిరిగి చూడకూడదని ఆ ఊళ్లో ఆచారం. యువరాజు అలాగే పడుకుని విన్నాడు. ఒక జత అందెలు తన పక్కన ఆగాయి. ఆగి, ఆగి, నెమ్మదిగా వెళ్లిపోయాయి.

"యువరాజా, లేవండి."

కళ్లు తెరిస్తే ముందు కనబడింది ఎర్రరాళ్ల పోగులు. పరదేశి కదా, చూడకూడదని వాడికి తెలియదు. మరకతదుర్గంలో చచ్చిన మణిమంతుణ్ణి పిలిచినవాడు వాడొక్కడే. యువరాజు చూపు మాత్రం వాడి భుజం మీదికి పోయింది. పట్టు ఉత్తరీయం ఒక మూల ముద్దగా తడిసి ఉంది. రాబందు అబద్ధం చెప్పలేదు. ఆ కన్నీళ్లు ఎవరికోసం కార్చినవో ఆలోచిస్తే ఆయనకు ఎంతో హాయిగా ఉండేది. ఆయన ఆలోచించలేదు. ఎవరి భుజం మీద కార్చినవో అక్కడే ఆగిపోయాడు.

పింగళుడు గబగబా సంగతులు చెప్పాడు. పైవీధులన్నీ బయటపడ్డాయి. మహారాజు, కింది వీధులవాళ్లు లోపలే నిద్రలో ఉన్నారు. జనం తిరిగి లోపలికి వెళ్లేదాకా తలుపు దిగదు కాబట్టి దారి తెరిచే ఉంటుంది, అక్కడ కాపు పెట్టించాడు. పొగకుండ ఎక్కడుందో కనిపెట్టి పగలగొట్టినవాడే వాళ్లను లేపగలడు. తనూ వస్తానన్నాడు.

"ఊరు నీది, చూసుకో. నేను చచ్చినవాణ్ణి, నాకు తోడెందుకు?" అన్నాడు మణిమంతుడు పుల్లవిరిచినట్టు.

పింగళుడు భుజం మీది ఉత్తరీయం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "కడవల్లో నీళ్లయిపోయాయి. ఇది కొంచెం తడిగానే ఉంది. పొగ వస్తే ముక్కుకు కట్టుకోండి."

విసిరికొట్టాలనిపించింది. కొట్టలేక, ముద్దచేసి నడుములో దోపుకుని, చచ్చినా దీన్ని మొహానికి కట్టుకోను అనుకుంటూ కొండ ఎక్కసాగాడు.

గృధ్రశిఖరం మీద చెట్టన్నది లేదు. నల్లబండలు, బండల సందుల్లో ఎప్పటివో ఎముకలు. పైన ఒక గుహ నోరు తెరుచుకుని ఉంది, దాని ముందు రాబందు కూర్చుని రెక్క దువ్వుకుంటోంది.

"వస్తావని తెలుసు" అంది. "చచ్చినవాడికి ఊరు లేదు, పెళ్లి లేదు. నాతో ఉండు. నిద్రపోయిన నగరం నీకిస్తాను, తరళనూ ఇస్తాను. పింగళుణ్ణి ఏం చెయ్యమంటావో చెప్పు."

మణిమంతుడు వెనక్కి తిరిగి చూశాడు. దూరాన కొండవాలు మీద జనం మధ్య పింగళుడు చెయ్యెత్తి ఏదో చెబుతున్నాడు. అందరూ వాడివైపే తిరిగి ఉన్నారు. పక్కనే తరళ ఆకుపచ్చ చీర. యువరాజుకు నటించవలసిన అవసరం రాలేదు.

"వాడు పొగలో పడి ఉండటం నా కళ్లతో చూడాలి. దారి చూపించు."

రాబందు ఆయన కళ్లలోకి తొంగిచూసింది. అబద్ధం కోసం వెతికి, దొరకక, తృప్తిగా గుహలోకి నడిచింది. ఆ మాటలో ఎంత అబద్ధముందో మణిమంతుడికీ తెలియదు. వెనక బండ దొర్లుకుని గుహ మూసుకుంది.

చీకట్లో ఎక్కడో కుండ కుతకుతమంటోంది. నీలిపొగ నేలవారగా పాకి మోకాళ్ల దాకా వచ్చింది. మాంత్రికుడు మాట ఇచ్చిన వేళే తప్పాడన్నమాట. కళ్లు బరువెక్కుతుంటే మణిమంతుడి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. ఒక్క క్షణం ఆగింది. తరువాత ఉత్తరీయం లాగి, తడి మూలను వెతికి పట్టుకుని, ముక్కుకూ నోటికీ బిగించాడు. పెదవులకు ఉప్పగా తగిలింది. అప్పుడు తట్టింది, ఆ పిల్ల ఎవరికోసం ఏడ్చిందో.

"నిద్ర వస్తోందా నాయనా?" అన్నాడు ధూమకంఠుడు పొగలోంచి.

జవాబు చెప్పకుండా మణిమంతుడు బోర్లా కూలిపోయాడు. మొహం మోచేతిలో దాచుకుని, చెయ్యి పక్కకు వేలాడేసి, ఊపిరి బిగబట్టి, ఆ రోజే నేర్చుకున్న విద్యతో శవంలా పడి ఉన్నాడు. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది, చుట్టూ తిరిగింది, కుండ ఎక్కడుందో దారి చెబుతున్నట్టు దాని వైపే వెళ్లింది.

ఈసారి మాత్రం ఆయన ఒక కన్ను తెరిచాడు.